పెద్దావిడ ముక్కు రెక్కలో పెట్టిన చోటు

శుక్రవారం, మధ్యాహ్నం మూడుంబావు. నాకప్పటికి గడియారం చూడటం రాదు, అక్షరమ్ముక్క రాదు. అయినా ఆ సమయం మాత్రం కచ్చితంగా చెప్పగలను. ఎందుకంటే సుబ్బారాయుడుగారనే ఆసామి స్కూటరు దిగకుండానే చేతి వాచీ నా మొహం ముందు పెట్టి, "ఇప్పుడు మూడుంబావు. నాలుగయ్యేసరికి ఈ గట్టు మీద బాతు ఈక కూడా కనపడకూడదు" అన్నారు. కోతలు అయిపోయి, వరికుప్పలు ఇంకా చేలల్లోనే ఉన్న రోజులు. నేను కాపరానికొచ్చి రెండేళ్లయింది. ఆయనకి నేనేం జవాబు చెప్పానో రాసేముందు, మేమెవరమో, ఆ గట్టు మీద ఎందుకు దిగామో, అంతకు రెండ్రోజుల ముందు నేను చేసిన తప్పేంటో రాయాలి. తప్పు నాదే. దాచుకోడానికేం లేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, పోయిన నెల నలుగురు పిల్లలు మా గుమ్మంలోకి వచ్చారు. నేనిప్పుడు పట్టిసీమ దగ్గర మా అమ్మాయింట్లో ఉంటున్నాను. ఇద్దరు మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు, వీపుల మీద మనిషంత సంచులు. గోదారి గట్టు పట్టుకుని కొండల దాకా నడిచే వెళ్తున్నారట. పది రోజుల నడక. అందులో కళ్లజోడు పిల్ల చేతులు కట్టుకుని మర్యాదగా అడిగింది, "అమ్మమ్మగారూ, ఈ చుట్టుపక్కల టెంటు వేసుకోడానికి ప్రశాంతమైన చోటు ఎక్కడైనా ఉందాండీ?" అని.

"ఎన్ని బాతులున్నాయి?" అన్నాను.

అలవాటు చొప్పున నోట్లోంచి వచ్చేసింది. నలుగురూ ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. మా అమ్మాయి లోపల్నించి నవ్వింది. ఆ తర్వాత ఆ పిల్ల ఫోను తీసి చూపించింది. ముందు నడిచినవాళ్లు ఎక్కడ గుడారం వేశారో, అక్కడ ఎంత నిశ్శబ్దంగా ఉందో, అందులో రాసి పెడతారట. వెనక వచ్చేవాళ్లు చదువుకుంటారట. "రాసినవాళ్లు అక్కడ చుట్ట కాలిందాకా కూర్చున్నారా?" అని అడిగాను. వాళ్లు నవ్వారు. నవ్వితే నవ్వారు. నేను మాత్రం వేళాకోళానికి అడగలేదు.

మాది బాతుల మంద. పిల్లలకి చెబితే నమ్మరు గాని, బాతులు తోలుకుంటూ ఆర్నెల్లపాటు ఊళ్లు తిరగడమే మా సేద్యం. కోతలు ఎటు ముందయితే అటు నడిచేవాళ్లం. నిడదవోలు వైపు మొదలెట్టి అత్తిలి, పాలకొల్లు, అక్కణ్నించి ఉప్పునీటి వాసన తగిలేదాకా. కోసిన చేలో రాలిన గింజ, కాలవలో నత్త, బురదలో పురుగు, అదే బాతుకి మేత. మందకి ముందు మా ఆయన సూరిబాబు, వెనక నేను, చేతిలో పొడుగాటి వెదురుగడ, గడ చివర ఒక ప్లాస్టిక్ సంచి. దాన్ని ఆడిస్తే మంద అటు తిరుగుతుంది. మా అత్త చిట్టెమ్మ, మావయ్య వెంకన్న సామాను రిక్షాతో గట్టు మీద వచ్చేవాళ్లు. రిక్షాలో టార్పాలిను, వెదుళ్లు, వలలు, గుడ్లు సర్దే బుట్టలు, వాటిలో పరిచే ఎండుగడ్డి, బియ్యం, మూడు పొయ్యిరాళ్లు. ఎక్కడికెళ్లినా ఆ మూడు రాళ్లే. గోదారి జిల్లాల్లో రాళ్లు దొరకవా అని అడిగితే మా అత్త, "ఊరూరా ఇళ్లున్నాయిగా, నీ పుట్టిల్లు దొరుకుతుందేంటే?" అనేది. గుడారం తర్వాత వేసేవాళ్లం, ముందు రాళ్లు పెట్టేది. రాళ్లు పెట్టింది అంటే ఇల్లొచ్చింది అని. తడిసిన ఈకల వాసన, నత్తగుల్లల నీచు, ఎండకి కాగిన టార్పాలిను కంపు, కొబ్బరిమట్టల పొగ, దాంట్లో చింతపండు పులుసులో ఉడికే బాతుగుడ్లు. ఇప్పటికీ వానకి ముందు గాలి తిరిగితే ఆ వాసన ఎక్కణ్నించో వస్తుంది నాకు.

బాతు తెల్లారకముందే గుడ్డు పెట్టేస్తుంది. కోడిలా కేకేసి చెప్పదు. చుట్టూ వల కట్టిన దడిలో, పడుకున్న చోటే పెట్టి లేస్తుంది. కాని దానికి బెదురెక్కువ. ఒక కుక్క వచ్చి మొరిగినా, పక్క ఊళ్లో మైకు పెట్టినా, లారీ లైటు పడినా, మందంతా ఒకదాని మీదొకటి ఎక్కి తొక్కుకుంటాయి. తెల్లారి చూస్తే గుడ్డుండదు. ఒక్కరోజుతో పోదు, వారం పది రోజులు మానేస్తుంది. ఆ వారం మా పొయ్యిరాళ్ల మీద గంజే. అందుకని నిశ్శబ్దంగా ఉండే చోటు వెతకడం మాకు సరదా కాదు. అదే మా బియ్యం.

ఆ వెతకడం మా మావయ్య పని. ఇంకెవర్నీ పోనిచ్చేవాడు కాదు. మంద కదిలే రోజు ఆయన ఒక్కడే ముందు వెళ్లేవాడు, చంకలో బుట్ట, బుట్టలో ఒక ముసలి కుంటి బాతు. గుడ్లు పెట్టడం మానేసి ఎన్నేళ్లయిందో. కూరకి కూడా పనికిరాదు. మేమంతా దాన్ని పెద్దావిడ అనేవాళ్లం. మావయ్య చోటు చూసుకుని కింద కూర్చుని, పెద్దావిడని నేల మీద దింపి, చుట్ట వెలిగించేవాడు. కళ్లు మూసుకుని ఆ చుట్టంతా కాలిందాకా వినేవాడు. చుట్ట అయ్యేలోపు పెద్దావిడ మెడ వెనక్కి తిప్పి ముక్కు రెక్కలో పెట్టిందా, గుడారం అక్కడ. పెట్టలేదా, బుట్టలో ఎక్కించి ఇంకో గట్టు. అంతే. అడిగేవాళ్లు లేరు, ఎదురు చెప్పేవాళ్లు లేరు. సూరిబాబు కూడా, "మన కాపరాన్ని ఆ కుంటిది నడిపిస్తోంది" అని గొణుక్కోవడమే.

ఆ ఏడు మావయ్యకి చలిజ్వరం పట్టుకుంది. రిక్షాలో దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు. బుధవారం మంద కదలాలి. సూరిబాబు వెళ్తే మంద ముందు నడిచేవాడు లేడు. "అమ్మాయిని పంపండి" అన్నాడు మావయ్య.

"దానికేం తెలుసు? నిన్నగాక మొన్న వచ్చింది" అంది అత్త.

"ఆ పెద్దావిడకి తెలుసుగా. ఇది మోసుకెళ్తే చాలు."

నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. ఆ ఇంట్లో నాకు మొదటిసారి ఒక పని అప్పజెప్పారు. ఎంత తొందరగా చోటు దొరికితే అంత గొప్ప అనుకున్నాను. పెద్ద మురుక్కాలవ ఒడ్డున, ఊరికి దూరంగా, ఒక మెరక చోటు కనపడింది. కుక్క లేదు, మనిషి లేడు, ఇంజను లేదు. నా ఊపిరి నాకే వినపడింది. నేనింత నిశ్శబ్దం ఎప్పుడూ చూళ్లేదు. పెద్దావిడని దింపి, చుట్ట వెలిగించాను. తాగడం సిగ్గేసింది. అందుకని వెలిగించిన చుట్టని మట్టిలో నిలబెట్టి గుచ్చి పక్కన కూర్చున్నాను. పీల్చేవాళ్లు లేకపోతే చుట్ట కాలదు, ఆరిపోతుంది. ఆ సంగతి చిన్నపిల్లకి కూడా తెలుసు. సగం కూడా కాలకుండా ఆరిపోయింది. ఆరింది కాబట్టి అయిపోయినట్టే అని నాకు నేను చెప్పుకున్నాను. పెద్దావిడ మెడ నిక్కబొడుచుకునే ఉంది. ఒక్కసారి కూడా తల వంచలేదు. నేను వెనక్కొచ్చి, "పెట్టింది మావయ్యా, దింపీ దింపగానే పెట్టేసింది" అన్నాను.

సాయంత్రం మందని దింపాం. అత్త రాళ్లు పెట్టింది. అన్నం తింటూ సూరిబాబు, "బాగా చూశావే, ఎంత ప్రశాంతంగా ఉందో" అన్నాడు. నేను పొంగిపోయాను. పొద్దున లేచి చూస్తే దడిలో గుడ్డు లేదు సరికదా, చాలా బాతులు మెడలు వాల్చేసి ఉన్నాయి. కొన్ని నిలబడలేక పక్కకి ఒరిగిపోతున్నాయి. కొన్ని అప్పటికే పోయాయి. కాలవకి ఎగువన కొత్తగా తవ్విన రొయ్యల చెరువుంది. ఏ మందు కలిపారో, ఆ నీళ్లు మురుక్కాలవలోకి వదిలారు. మా బాతులు అవే తాగాయి. సూరిబాబు పార తీసుకుని గొయ్యి తవ్వాడు. మావయ్య దుప్పట్లోంచి మొహం బయటపెట్టి నన్ను పిలిచాడు.

"అమ్మాయ్. నిన్న సాయంత్రం కప్ప అరిచిందా?"

నేను గుర్తు తెచ్చుకున్నాను. "లేదు మావయ్యా."

"కొంగ వాలిందా?"

"లేదు."

"పెద్దావిడ ముక్కు పెట్టిందా?"

అత్త, సూరిబాబు అక్కడే ఉన్నారు. ఇంకోసారి అబద్ధం నోటిదాకా వచ్చింది, గోతి పక్కన పెట్టిన బాతుల్ని చూసి ఆగింది. "లేదు మావయ్యా. చుట్ట కూడా తాగలేదు, మట్టిలో గుచ్చాను" అన్నాను. అత్త నుదురు కొట్టుకుంది. తిట్టిన తిట్లు రాయను, రాసినా అచ్చు వెయ్యరు. సూరిబాబు, "ఇక నుంచి నేనే చూస్తాను" అన్నాడు. మావయ్య మాత్రం, "నువ్వెళ్తే ఈ నీరసించిన మందని ఎవడు నడుపుతాడురా? మళ్లీ దాన్నే పంపు. ఈసారి అది అబద్ధం చెప్పదు" అన్నాడు. నా జీవితంలో నన్ను ఎవరైనా నమ్మారంటే అదే మొదలు, అదీ అంత పని చేసినాక. గురువారమంతా మందని మంచినీటి కాలవలో కడిగి, నీళ్లు తాగించి, ఎక్కడివక్కడ ఆపాం. శుక్రవారం తెల్లారగానే బయల్దేరుతుంటే అత్త చుట్ట ఒకటి కొన తుంచి నా పమిట కొంగులో కట్టింది. "ఇది మట్టిలో గుచ్చావంటే నిన్ను గుచ్చుతాను" అంది.

మూడు చోట్లు చూశాను. ఒక చోట పెద్దావిడ దిగనే దిగలేదు. రెండో చోట రైసుమిల్లు కూత. మూడో చోట కొంగలున్నాయి గాని కుక్కలు కూడా ఉన్నాయి. నాలుగోది పాడుబడ్డ ఇటుకబట్టీ వెనక గట్టు. బట్టీ గోడ రోడ్డు చప్పుడుకి అడ్డం. పక్కన గుంటలో పగలే కప్పలు అరుస్తున్నాయి. కొంగలు ఒంటికాలి మీద నిలబడి నన్ను చూసి కూడా లేవలేదు. పెద్దావిడని దింపేలోపే మంద వచ్చేసింది. బాతులు ఇంకో అడుగు వెయ్యలేని స్థితిలో ఉన్నాయి, నడవలేని వాటిని రిక్షాలో మావయ్య కాళ్ల దగ్గర వేసుకొచ్చారు. సూరిబాబు వల కట్టడం మొదలెట్టాడు. అప్పుడొచ్చింది స్కూటరు.

సుబ్బారాయుడుగారు ఆ బట్టీకీ, దాని వెనక పొలానికీ ఆసామి. తెల్ల పంచె, చేతిలో తాళాల గుత్తి. చెడ్డమనిషని నేననను. కిందటేడు ఎవరో బాతులవాళ్లు దిగి గట్టుకి గండి పెట్టి పోయారట. కోపంలో న్యాయం ఉంది. "ఎవర్నడిగి దింపావురా?" అన్నారు సూరిబాబుని. మా ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆసామి వాచీ చూసుకుని, అందరికంటే దగ్గర్లో ఉన్న నా మొహానికి పెట్టి, ఆ నాలుగు గంటల మాట చెప్పారు. సూరిబాబు వల విప్పడం మొదలెట్టాడు. అత్త పొయ్యిరాయి ఒకటి చేతిలోకి తీసుకుంది. రాయి లేచిందంటే ఇల్లు లేచినట్టే. అప్పుడు నేను నేల మీద చతికిలబడి కూర్చున్నాను.

"లేవే" అన్నాడు సూరిబాబు.

"లేవను. ఇవి ఇంకో గట్టు దాకా బతకవు. మీరు లేపుకెళ్లండి, నేనిక్కడే ఉంటా."

సుబ్బారాయుడుగారు నన్ను అప్పుడు సరిగ్గా చూశారు. "ఏంటమ్మా, నా గట్టు మీద కూర్చుని నాకే ఎదురు చెబుతున్నావు? ఎవర్నడిగారంటే సమాధానం లేదు."

"మిమ్మల్ని అడగలేదండి, తప్పే. మీ ఇల్లెక్కడో తెలీదండి. కప్పలున్నాయేమో చూశాను, కొంగలున్నాయేమో చూశాను. ఇంకొకర్ని అడగాలండి."

"ఎవర్ని?"

బుట్టలోంచి పెద్దావిడని తీసి మా ఇద్దరి మధ్యన దింపాను. "దీన్నండి. నేను చుట్ట తాగినంతసేపు ఇది ముక్కు రెక్కలో పెట్టలేదనుకోండి, మీరు చెప్పక్కర్లేదు, మేమే పోతాం. పెట్టిందా, ఉంటాం. తర్వాత పోలీసుల్నే పిలుస్తారో, వలలే పీకిస్తారో మీ ఇష్టమండి. ముందు మాత్రం మీ స్కూటరు ఆపండి. దానికి ఇంజను పడదు."

సూరిబాబు వల విప్పడం ఆపి నన్నే చూస్తున్నాడు. ఆసామిని బండి ఆపమన్న బాతులదాన్ని ఆయనెప్పుడు చూశాడు గనక. సుబ్బారాయుడుగారికి కోపం వచ్చిందో, విడ్డూరంగా ఉందో తెలీదు గాని, తాళం తిప్పి ఆపేశారు. నేను కొంగు ముడి విప్పి చుట్ట వెలిగించాను. మొదటి దమ్ముకే దగ్గొచ్చి కళ్లమ్మట నీళ్లు కారాయి. రిక్షాలోంచి, దుప్పటి కిందనించి, మావయ్య గొంతు వినపడింది. "మెల్లిగా పీల్చవే. పొయ్యి ఊదుతున్నావనుకున్నావా?" ఆసామి మూతి మీద నవ్వు వచ్చి పోయింది. పెద్దావిడ మెడ పక్కకి తిప్పి ఒక కంటితో ఆయన్నే చూస్తోంది. ఆయన చేతిలో తాళాల గుత్తి గలగలమంటోంది. "తాళాలు కూడానండి" అన్నాను. ఆయన పిడికిలి మూశారు.

కప్పలు ఒకటొకటిగా మళ్లీ మొదలెట్టాయి. లేచిన కొంగొకటి తిరిగొచ్చి వాలింది. అత్త చేతిలో రాయి అలాగే ఉంది, కింద పెట్టలేదు, రిక్షాలో వెయ్యలేదు. చుట్ట సగమైంది, ఇంకా తగ్గింది, వేళ్లకి వేడి తగులుతోంది. నేను పెద్దావిడ వైపు చూడటం మానేశాను. చూస్తే ఎక్కడ మళ్లీ పెట్టిందని అనేస్తానో అని నా మీద నాకే భయం. నేల వైపు చూస్తూ ఆఖరి దమ్ము పీల్చాను.

"నాలుగుకి ఐదు నిమిషాలు తక్కువ" అన్నారు సుబ్బారాయుడుగారు. అయితే ఆ మాట గుసగుసగా అన్నారు, నిద్రపోతున్నవాళ్ల పక్కన మాట్లాడినట్టు. తలెత్తి చూశాను. పెద్దావిడ కుంటికాలు కింద మడుచుకుని కూర్చుంది. మెడ వెనక్కి తిరిగి ఉంది. ముక్కు కనపడలేదు.

"మూడు రోజులు" అన్నారు ఆయన, అదే గుసగుసగా. "నాలుగో రోజు కనపడ్డారంటే ఊరుకోను."

"నాలుగో రోజు మీరు బతిమాలినా ఉండమండి" అన్నాను.

అత్త రాయి కింద పెట్టింది. ఆయన స్కూటరు స్టార్టు చెయ్యలేదు. రెండు చేతులా పట్టుకుని, పంచె కాళ్లకి అడ్డం పడుతున్నా, గట్టు చివర తూము దాటిందాకా తోసుకుంటూ వెళ్లారు.

మూడో రోజు తెల్లారి దడిలో గుడ్లు కనపడ్డాయి. కొన్నే. దిగిన చోటు ఆసామికి గుడ్లు ఇవ్వడం మా ఆనవాయితీ. బుట్ట నేనే తీసుకెళ్లాను. ఆయన ఇంట్లో లేరు. ఆయన భార్యగారు బుట్ట అందుకుని, "మీదే ఊరమ్మా?" అన్నారు. ఆర్నెల్లు గట్ల మీద ఉండేవాళ్లది ఏ ఊరు? ఊళ్లో జనాల్ని రాసుకునేవాళ్లు వచ్చినప్పుడు మేం గట్టు మీద, గట్టు మీదకొస్తే మేం ఇంకో గట్టు మీద. ఎక్కడా మా పేర్లు రాసుకోలేదు. ఇల్లు లేనివాళ్లనీ, దేశం పట్టుకు తిరిగేవాళ్లనీ అన్నారు. అననివ్వండి. నా ఇల్లు మూడు రాళ్ల మీద ఉండేది, రాళ్లు ఎక్కడుంటే అక్కడ. ఆ గడపలోకి ఆసామి కూడా ఇంజను ఆపే వచ్చారు.

మంద ఎప్పుడో పోయింది. చేలన్నీ చెరువులయ్యాయి. ఆ ఇటుకబట్టీ మీదుగా ఈ మధ్య బస్సులో వెళ్లాను, గోడ కూడా లేదు. చెరువుల్లో నీళ్లు చిలుకుతూ తిరిగే చక్రాల మోత, స్తంభానికో లైటు. అక్కడ ఇప్పుడు ఏ బాతూ ముక్కు రెక్కలో పెట్టదు. మావయ్య లేడు, అత్త లేదు, సూరిబాబు పోయి నాలుగేళ్లు. ఆ రోజులు మంచివి అని నేననను. చలిజ్వరాలు, పాములు, వానలో తడిసిన బియ్యం. కాని ఒక చోటు బాగుందో లేదో తేల్చుకోడానికి మనిషి అక్కడ కూర్చుని వినేవాడు. ఇప్పుడు ముందే రాసింది చదువుకుని వస్తున్నారు, వచ్చి చెవుల్లో ఏవో పెట్టుకుంటున్నారు. సంచులు మోసే ఆ పిల్లల్ని నేను తిట్టలేదు. రెల్లు దుబ్బుల వెనక్కి తీసుకెళ్లి ఒక చోట కూర్చోబెట్టాను. ఫోన్లు ఆపించాను. చుట్ట ఇప్పుడు డాక్టరు మాన్పించాడు, లేకపోతే అదీ వెలిగించేదాన్ని. మొదట కదిలారు, గోక్కున్నారు, తర్వాత ఊరుకున్నారు. కాసేపటికి కళ్లజోడు పిల్ల, "కప్పలండీ" అంది, మెల్లిగా. ఆ పిల్లకి పని తెలుస్తుంది అనుకున్నాను.

పొద్దున వెళ్లేటప్పుడు ఆ పిల్ల, "ఈ చోటు గురించి మీరే రాయకూడదాండీ, వెనక వచ్చేవాళ్లు చదువుకుంటారు" అంది. నాకు అక్షరాలు నలభై దాటాక వచ్చాయి, మనవరాలి పలక మీద, అది బడి నుంచి వచ్చాక. గుడింతాల్లో ఇప్పటికీ తడబడతాను. రాయమన్నారు గనక రాస్తున్నాను. కాని ఆ రెల్లు దుబ్బులు ఎక్కడున్నాయో రాయను. కావలసినవాళ్లు నడిచి, దిగి, కూర్చుని వెతుక్కోండి. నేను రాయవలసింది వేరే ఉంది. ఆ శుక్రవారం మూడుంబావు నుంచి నాలుగుకి ఐదు నిమిషాల తక్కువ దాకా, ఆ బట్టీ వెనక గట్టు మీద ఉన్నవాళ్ల పేర్లు. ఏ కాగితంలోనూ లేవు కాబట్టి ఇందులో ఉంటాయి.

రిక్షాలో పడుకుని మా మావయ్య వెంకన్న. చేతిలో రాయితో మా అత్త చిట్టెమ్మ. సగం విప్పిన వలతో మా ఆయన సూరిబాబు. పిడికిట్లో తాళాలతో సుబ్బారాయుడుగారు. లేవలేని బాతులు, లేచి నిలబడ్డ బాతులు. అందరి మధ్యన పెద్దావిడ. దాని పక్కన, నేల మీద, నోట్లో చుట్టతో నేను, నూకరత్నం.